వెట్టి నుంచి వేతనం దాకా

జంషెడ్‌పూర్ తూర్పు భాగంలో టెల్కో ప్రాంతాన్ని ఆనుకుని ఉన్న బిర్సానగర్‌లో ఎవరి ఇల్లు ఎక్కడని అడిగినా ముందు జోన్ నంబరు చెబుతారు. ఆరింటి షిఫ్టు అందుకోవాల్సినవాళ్ళ సైకిళ్ళు, మోటారు సైకిళ్ళు తెల్లవారకముందే రోడ్డెక్కుతాయి. వెనకాలే తాపీ మేస్త్రులు, వాళ్ళకు ఇసుకా సిమెంటూ అందించే రేజాలు, కంపెనీ క్వార్టర్లలో అంట్లు తోమి బట్టలుతికే ఆడవాళ్ళు, ఆటోవాళ్ళు, కూరగాయల బళ్ళవాళ్ళు బయలుదేరతారు. ఆడకూలీని ఇక్కడ రేజా అంటారు. నగరానికి కావలసిన పనిలో చాలా భాగం పొద్దున్నే ఇలాంటి బస్తీల్లోంచే కదిలి వెళ్తుంది. సాయంత్రం ఆ మనుషులు తిరిగొచ్చే ఇళ్ళకు మాత్రం హక్కు కాగితం దొరకడం కష్టం. టాటా లీజు భూమి మీద పెరిగిన 86 బస్తీల యాజమాన్య హక్కు మాట ఇక్కడ ప్రతి ఎన్నికలోనూ వినిపిస్తుంది. 2005లో లీజు పునరుద్ధరించినప్పుడు బస్తీల భూమిని లీజులోంచి తప్పించినా గొడవ తెగలేదు. ఊరికి ఇళ్ళు కట్టినవాళ్ళే తమ ఇంటికి పట్టా అడుగుతూ తిరుగుతున్నారు.

ఈ బస్తీకి బిర్సా ముండా పేరుంది. శ్రమ గౌరవం గురించి ఇక్కడ నిలబడి మాట్లాడేవాళ్ళు కార్ఖానా దగ్గర మొదలుపెడితే కథ సగంలో అందుకున్నట్టే. మొదలు బిర్సా దగ్గరుంది. పనిని పొగిడే ఉపన్యాసాలు చాలా వచ్చాయి, మే డేకి శాలువాలూ కప్పుతూనే ఉన్నారు. ఈ స్మారకోపన్యాసం చెప్పదలచినది ఒక్కటే. పనికి గౌరవం పని షరతుల్లో ఉంటుంది. చేయనని చెప్పగలగడం, పని గంటలకు హద్దు, చేతికందే కూలి, సరైన పనిముట్టు, ప్రాణానికి పూచీ, రిజిస్టరులో పేరు ఉన్నాయా లేవా అన్నది చూడాలి. ఇవి లేని చోట ఎంత పొగిడినా పనిచేసే మనిషికి ఒరిగేదేమీ లేదు.

బిర్సా 1875 నవంబరు 15న ఉలిహాతులో పుట్టాడు. 1900 జూన్ 9న రాంచీ జైలులో కన్నుమూశాడు. అప్పటికి పాతికేళ్ళు నిండలేదు. ఆయన నడిపిన ఉల్‌గులాన్ తిరుగుబాటు గురించి చెప్పేటప్పుడు అడవి, భూమి, కొత్త మతం అన్న మూడు మాటలూ వస్తాయి. నాలుగోది బేఠ్ బేగారి. జమీందారు, లేదా అతని ఠేకేదారు (గుత్తదారు) కబురంపితే ముండా రైతు నాగలి కట్టుకుని వెళ్ళాలి. దున్నాలి, కోయాలి, ఇల్లు కప్పాలి, బరువులు మోయాలి, పల్లకీ మోయాలి. కూలి ఉండదు. అడవి నరికి ఆ పొలాలను చేసింది ఆ రైతు తాత ముత్తాతలే. దున్నడం ముండాకు నామోషీ కాదు, అతని బతుకే అది. తన చేలో పదును ఆరిపోతుంటే దొర చేలో మేడి పట్టాల్సి రావడం, రానంటే దెబ్బలు తినడం, అదీ అవమానం. పని ఒకటే, నాగలి ఒకటే, ఎద్దులూ అవే. చేను మారిన చోట, ఒప్పుకోలు పోయిన చోట ఆ పని వెట్టి అయింది.

తెలుగువాళ్ళకు ఇది పరాయి కథేమీ కాదు. నిజాం రాజ్యంలోని తెలంగాణలో ప్రతి వృత్తికీ దాని వెట్టి దానికుండేది. అధికారి ఊళ్ళో మకాం వేస్తే కుమ్మరి కుండలు తెచ్చిపెట్టాలి, చాకలి గిన్నెలు తోమాలి, మంగలి రాత్రి ఒళ్ళు పట్టాలి, మాదిగ చెప్పులు కుట్టివ్వాలి, గొల్ల గొర్రెను తోలుకురావాలి. ఎవరి నైపుణ్యం వారికి సంకెలయింది. చేతిలో పని ఉండటమే ఆ మనిషిని పట్టి తేవడానికి కారణమయింది. వృత్తుల మీద చిన్నచూపు ఎక్కణ్ణుంచి వచ్చిందని వెతికేవాళ్ళు మురికి దగ్గర, కష్టం దగ్గర ఆగిపోకూడదు. మురికి చేతులు డాక్టరుకీ ఉంటాయి. కష్టం పహిల్వానుకీ ఉంటుంది. ఫలానా కులంలో పుట్టావు కాబట్టి ఇది చెయ్యి, ఊరికే చెయ్యి అన్న చోటే చిన్నచూపు పుట్టింది.

బిర్సా పోయిన ఎనిమిదేళ్ళకు ఛోటానాగ్‌పూర్ కౌలుదారీ చట్టం వచ్చింది. 1908 నవంబరు 11న అమల్లోకి వచ్చిన ఆ చట్టం ఆదివాసీ భూమి చేతులు మారకుండా కట్టడి పెట్టింది, బేఠ్ బేగారిని నిషేధించింది. అదే ఏడాది సుబర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే చోటికి దగ్గర్లో సాక్చీ అనే పల్లెలో ఉక్కు కార్ఖానా పని మొదలయింది. టాటా ఐరన్ అండ్ స్టీల్ కంపెనీ అంతకు ముందు ఏడాదే, 1907లో, రిజిస్టరయింది. 1912 ఫిబ్రవరి 16న మొదటి ఉక్కు దిమ్మ బయటికొచ్చింది. 1919లో సాక్చీ జంషెడ్‌పూర్ అయింది, కాలీమాటి రైల్వే స్టేషను టాటానగర్ అయింది.

సంథాలులు, హోలు, భూమిజులు దున్నుకున్న నేల అది. వెట్టి పోయిన ప్రాంతంలోకే వేతనం వచ్చింది. మంచి మార్పే, సందేహం లేదు. కానీ ఆ నేల బిడ్డలకు కార్ఖానాలో దొరికినది ఎక్కువగా తట్ట మోసే పని. కొలిమి దగ్గరి పని, యంత్రం పని బయటినుంచి వచ్చినవాళ్ళకు పోయింది. బిర్సానగర్‌లో బిర్సా పేరు తలుచుకునేటప్పుడు బయటినుంచి వచ్చి స్థిరపడ్డ మన తెలుగువాళ్ళు ఈ సంగతి మరిచిపోకూడదు.

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి మనవాళ్ళు ఇక్కడికి ఉక్కు పనికి వచ్చారు. దారి బెంగాల్ నాగపూర్ రైల్వేది. కలకత్తా వైపు పోయే బండెక్కి ఖరగ్‌పూర్‌లో మారి వచ్చేవాళ్ళు. ఖరగ్‌పూర్‌లోనే ఆగిపోయిన తెలుగువాళ్ళతో అక్కడొక తెలుగు పట్టణమే తయారయింది. ఇక్కడికి వచ్చినవాళ్ళు బిష్టుపూర్‌లో ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం కట్టుకున్నారు. కదమాలో ఏడీఎల్ సొసైటీ పెట్టుకున్నారు. పిల్లల చదువు, నాటకాలు, పండగలు అన్నీ చూసుకున్నారు. ఇంత చేసినవాళ్ళ కథలో కొలిమి ముందు నిలబడిన మనిషి పేరు మాత్రం రాతలో అరుదుగా కనిపిస్తుంది.

ఖరగ్‌పూర్ మాట వచ్చింది కాబట్టి వి.వి.గిరిని తలుచుకోవాలి. బరంపురంలో 1894లో పుట్టిన ఈ తెలుగు లాయరు 1920లలో బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల్ని కూడగట్టాడు, వాళ్ళ సమ్మెల్లో ముందు నిలిచాడు. తర్వాత నెహ్రూ మంత్రివర్గంలో కార్మిక మంత్రి అయ్యాడు. బ్యాంకు ఉద్యోగుల జీతాల మీద ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చేసరికి 1954లో ఆ పదవి వదిలేశాడు. రాష్ట్రపతి గిరి అందరికీ గుర్తున్నాడు. కార్మికుడికి ఒకసారి ఇచ్చిన మాట తప్పడం కుదరదని కుర్చీ దిగిపోయిన గిరి కూడా అంతే గుర్తుండాలి.

జంషెడ్‌పూర్‌లో ఎనిమిది గంటల పని దినం 1912లోనే వచ్చింది. దేశంలో ఫ్యాక్టరీ చట్టం పెద్దవాళ్ళ పని గంటల్ని రోజుకు తొమ్మిదికి, వారానికి నలభై ఎనిమిదికి దించింది 1940లలో. ఇక్కడ 1915లో ఉచిత వైద్యం, 1920లో ప్రావిడెంట్ ఫండు, జీతంతో సెలవు వచ్చాయి. ఇది కంపెనీ ఘనతే, దాచాల్సిన పని లేదు. అయితే అదే 1920లో ఇక్కడ మొదటి పెద్ద సమ్మె జరిగిందని, 1922లో మళ్ళీ జరిగిందని, 1928లో నెలల తరబడి పని ఆగిపోయిందని కూడా అదే నోటితో చెప్పాలి. సదుపాయాలు ఇచ్చిన చోట సమ్మె ఎందుకని అప్పట్లో చాలామంది ఆశ్చర్యపోయారు. కొలిమి దగ్గర ఒకే పని చేసే విదేశీయుడి జీతానికీ భారతీయుడి జీతానికీ పొంతన ఉండేది కాదు. ఫోర్‌మన్ నోటి దురుసు, కారణం చెప్పకుండా పంపేయడం, ఉన్నట్టుండి మనుషుల్ని తగ్గించడం ఇవన్నీ ఉన్నాయి. ఆసుపత్రి ఇచ్చారు కదా, తిట్లు పడమంటే పడని మనుషులు వాళ్ళు. 1928లో సుభాష్ చంద్ర బోస్ వచ్చి లేబర్ అసోసియేషన్ పగ్గాలు పట్టుకుని ఒప్పందం కుదిర్చాడు. అంతకు ముందు 1925లో గాంధీ వచ్చాడు. అప్పుడు సంఘానికి అధ్యక్షుడు సి.ఎఫ్.ఆండ్రూస్. విదేశీ నిపుణుల చోట మనవాళ్ళను నిలబెట్టడానికి 1921లో పెట్టిన జంషెడ్‌పూర్ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్ ఈ గౌరవం గొడవలో నిశ్శబ్దంగా గట్టి పని చేసింది. నేర్చుకునే దారి తెరవడం కూడా ఒక షరతే.

ఒక కొలిమి పనివాణ్ణి దగ్గర్నుంచి చూడాలి. బ్లాస్ట్ ఫర్నేస్ అడుగున మట్టితో మూసి ఉంచిన రంధ్రాన్ని తొలవగానే కరిగిన ఇనుము కాలవలో పడి పారుతుంది. వేడి దాదాపు 1,500 డిగ్రీల సెల్సియస్. పైన తేలే చిట్టెం పక్క కాలవలోకి మళ్ళాలి, ఇనుము అడుగునుంచి ముందుకు పోవాలి. కాలవలో ఏ మూలైనా తడి మిగిలితే ఇనుము ఎగిరి పేలుతుంది. అందుకని ముందే కాలవను ఎండబెట్టి, మట్టి మెత్తి, చేత్తో తడిమి చూసుకుంటారు. ఇనుము పారుతున్నప్పుడు అనుభవజ్ఞుడు రవ్వల్ని చూస్తాడు. రవ్వలు విచ్చలవిడిగా చిమ్ముతుంటే ఇనుములో సిలికాన్ తక్కువుందని, ప్రవాహం నెమ్మదిగా సాఫీగా ఉంటే ఎక్కువుందని ల్యాబ్ రిపోర్టు రాకముందే చెప్పేస్తాడు. పని అయ్యాక మడ్ గన్‌తో రంధ్రంలోకి మళ్ళీ మట్టి దట్టిస్తారు. ఇది చదువు కాదా? కొలిమి ముందు ఇరవై ఏళ్ళు నిలబడితే వచ్చే ఈ చదువుకు సర్టిఫికెట్ లేదు కాబట్టి దాన్ని కండబలం అనేస్తున్నారు.

ఇంకొక చదువు చాకిరేవులో ఉంది. ఊళ్ళో యాభై ఇళ్ళ బట్టలు ఒక్క మూటలో కలిసి రేవుకు పోయి, చౌడు పట్టి, బానలో ఉడికి, బండ మీద దెబ్బలు తిని, ఆరి, మడతపడి ఏ ఇంటి బట్ట ఆ ఇంటికి చేరేది. నల్లజీడి రసంతో అంచున పెట్టిన చిన్న గుర్తు ఒకటే ఆధారం. ఈ ఇంటికి రెండు చుక్కలు, ఆ ఇంటికి ఒక గీతా ఒక చుక్కా. జీడి గుర్తు ఎన్ని ఉతుకులకైనా పోదు. అక్షరం రాని మనిషి తన లిపిని తనే తయారు చేసుకుని, ఊరందరి గుర్తులూ నోటికి పెట్టుకుని, పొరపాటు లేకుండా పంచేది. జరీ బట్టకు ఎంత వేడి, పురిటి బట్టకు ఎంత సోడా అన్నది ఆమెకే తెలుసు. ఇంత తెలిసిన మనిషిని పండక్కి పెరటి గుమ్మం దగ్గర నిలబెట్టి అన్నం పెట్టారు.

ఆ చాకలి వృత్తికి తెలుగు నేల మీద ఒక ఊరుంది. పాలకుర్తి. ఇప్పుడు జనగామ జిల్లాలో ఉంది. పదమూడో శతాబ్దపు కవి పాల్కురికి సోమనాథుడిది ఈ ఊరేనని తెలుగువాళ్ళ నమ్మకం. ఆయన బసవపురాణం నిండా పనివాళ్ళే భక్తులు. కుండలు చేసే గుండయ్య ఉన్నాడు, వేటాడే కన్నప్ప ఉన్నాడు, బట్టలుతికే మడివాలు మాచయ్య ఉన్నాడు. మాచయ్య ఎవరి బట్టలు పడితే వాళ్ళవి ఉతకడు. భక్తులవే ఉతుకుతాడు. బిజ్జల రాజంతటివాడు కోపగించుకున్నా తలవంచడు. కాదనగలిగిన చాకలి కాబట్టే అతను ఆ పుస్తకంలో అంత ఎత్తున కనిపిస్తాడు. చెయ్యననే హక్కు లేని పనికి గౌరవం ఎక్కణ్ణుంచి వస్తుందని ఆ కథ సూటిగా అడిగినట్టుంటుంది.

అదే పాలకుర్తిలో ఏడు వందల ఏళ్ళ తర్వాత చాకలి ఐలమ్మ కాదంది. 1895లో పుట్టిన ఆమె కులవృత్తిలో ఉండిపోక మల్లంపల్లి దొర భూమిని కౌలుకు తీసుకుని సేద్యం మొదలుపెట్టింది. చాకలిది చేను దున్నడమేమిటన్నది విసునూరు దేశముఖ్ రాపాక రామచంద్రారెడ్డికి తలెత్తిన మొదటి అభ్యంతరం. ఆమె ఆంధ్ర మహాసభ సంఘంలో చేరడం రెండోది. కేసులు పెట్టించాడు, పంట కోసుకుపోవడానికి మనుషుల్ని పంపాడు. ఆంధ్ర మహాసభ కార్యకర్తలు అడ్డుపడి ఆ ధాన్యాన్ని ఐలమ్మ ఇంటికే చేర్చారు. 1946 జూలై 4న కడవెండిలో సంఘం కార్యకర్త దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు బలయ్యాక తెలంగాణ పోరాటం ఊరూరా అంటుకుంది. వెట్టి అక్కడ నిజంగా కూలింది అప్పుడే. ఐలమ్మ 1985 దాకా బతికింది. 2024లో కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి తెలంగాణ ప్రభుత్వం ఆమె పేరు పెట్టింది. చాకలి అన్న మాటతో సహా పెట్టింది. అక్కడ చదివే అమ్మాయి పట్టా మీద ఆ వృత్తి పేరు అచ్చవుతుంది. ఇలాంటి గౌరవం మంచిదే. ఆ పట్టా తీసుకున్న అమ్మాయి తన వీధిలో ఇస్త్రీ బండి పెట్టుకున్నాయన్ను పేరుపెట్టి, మీరు అని పిలిస్తే ఇంకా మంచిది.

మంగలి వృత్తి సంగతీ ఇలాంటిదే. మన పల్లెల్లో పెళ్ళికి సన్నాయి ఊదింది వాళ్ళే, పుండు కోసి మందు కట్టింది వాళ్ళే, ఆ ఇంటి ఆడవాళ్ళే మంత్రసానులై పిల్లల్ని భూమ్మీదికి తెచ్చారు. శుభానికీ చావుకీ పిలిచినవాళ్ళే మిగతా రోజుల్లో ఎదురొస్తే శకునం బాగాలేదన్నారు. గాంధీ దక్షిణాఫ్రికాలో ఉండగా ప్రిటోరియాలో తెల్ల క్షురకుడు ఆయన జుట్టు కత్తిరించనన్నాడు. గాంధీ కత్తెర కొనుక్కుని అద్దం ముందు నిలబడి తనే కత్తిరించుకున్నాడు. వెనకవైపు పాడయింది. కోర్టులో మిత్రులు నవ్వారు. తర్వాత ఆయన రాసిన మాటల్లో ఆ క్షురకుడి మీద కోపం లేదు. మన దేశంలో మన క్షురకులను అంటరానివాళ్ళకు సేవ చేయనివ్వని మన ఆచారానికి ఇది బదులని ఆయన అనుకున్నాడు. లాయరు పనికీ మంగలి పనికీ ఒకటే విలువని రస్కిన్ పుస్తకం చదివి తెలుసుకున్నానని చెప్పిన మనిషి, ఆ సంగతి తన తల మీదే చవిచూశాడు.

అన్ని వృత్తులూ సమానమే అనేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. కొన్ని పనులు ఉండనే కూడదు. బెజవాడ విల్సన్ జీవితం దీనికి సాక్ష్యం. ఆయన 1966లో కోలార్ బంగారు గనుల పట్టణంలో తెలుగు మాట్లాడే కుటుంబంలో పుట్టాడు. అమ్మానాన్నా ఏం పని చేస్తారో చిన్నప్పుడు ఇంట్లో చెప్పలేదు. బళ్ళో పిల్లలు ఎగతాళి చేశాకే తెలిసింది, టౌన్‌షిప్‌లోని పాత పద్ధతి మరుగుదొడ్లను చేతులతో ఎత్తిపోసే పని అని. తల్లిదండ్రులు పని దాచుకోవాల్సి వచ్చిందంటే ఆ పనికి గౌరవం నేర్పుదామా, ఆ పనినే తీసేద్దామా? విల్సన్ రెండోది ఎంచుకున్నాడు. 1993లో చేతితో మలం ఎత్తించడాన్ని నిషేధించే చట్టం వచ్చింది. గనుల పట్టణంలో ఆ దొడ్లు ఇంకా ఉన్నాయని ఫోటోలు తీసి చూపించాడు. అధికారులకు మూయించక తప్పలేదు. ఆంధ్రప్రదేశ్‌లో వెట్టి కూలీల విముక్తికి జీవితం పెట్టిన ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్.శంకరన్ ఆయనకు తోడు నిలిచాడు. ఆయన ముందుండి నడిపిన సఫాయి కర్మచారి ఆందోళన్ ఊరూరా ఆ దొడ్లను పడగొట్టింది. 2013లో మరింత గట్టి చట్టం వచ్చింది. 2014 మార్చి 27న సుప్రీంకోర్టు, 1993 తర్వాత మురుగు కాలవల్లో చనిపోయిన ప్రతి మనిషి కుటుంబానికీ పది లక్షలు ఇవ్వాలంది. 2023లో దాన్ని ముప్ఫై లక్షలు చేసింది. 2016లో విల్సన్‌కు మెగసెసే పురస్కారం వచ్చింది.

మ్యాన్‌హోల్‌లో మనిషి ఎలా చనిపోతాడో తెలిస్తే చట్టం విలువ అర్థమవుతుంది. మూత తీయగానే కుళ్ళిన గుడ్ల వాసన కొడుతుంది. అది హైడ్రోజన్ సల్ఫైడ్. లోపల గాఢత పెరిగితే ముక్కు ఆ వాసన పట్టడమే మానేస్తుంది. గాలి బాగుందని దిగినవాడనుకుంటాడు. కొన్ని శ్వాసల్లో పడిపోతాడు. పైనున్నవాడు చూసి కాపాడటానికి దూకుతాడు, అతనూ పడిపోతాడు. రెండు మూడు శవాలు ఒకే గుంటలోంచి తీసిన వార్తల వెనక ఉన్నది ఇదే. హైదరాబాదు జలమండలి 2017లో సందుల్లోకి పోగల 70 చిన్న జెట్టింగ్ యంత్రాలు తెచ్చి, వాటిని దళిత యువకుల చేతికి వ్యాపారంగా అప్పగించింది. గుంటలోకి దిగాల్సిన వర్గంలోని మనిషే యంత్రం యజమాని కావడం, ఈ విషయంలో తెలుగు నేల చేసిన మంచి పనుల్లో ఒకటి.

ఇక జంషెడ్‌పూర్‌లో ఇవాళ్టి గొడవ వేరు. ఉక్కు కంపెనీలో 1990ల తొలి సంవత్సరాల్లో సుమారు 78 వేల మంది ఉండేవాళ్ళు. పదిహేనేళ్ళు తిరక్కముందే నలభై వేలకు తగ్గారు, ఉక్కు మాత్రం పెరిగింది. కొత్త యంత్రాలు వచ్చాయి, స్వచ్ఛంద విరమణలు జరిగాయి. మిగిలిన చాలా పనులు ఠేకేదార్ల, అంటే కాంట్రాక్టర్ల, చేతికి వెళ్ళాయి. బిర్సానగర్ వీధుల్లో పెళ్ళి సంబంధం మాట్లాడేటప్పుడు అబ్బాయి ఏం చేస్తాడని అడిగాక వెంటనే అడిగేది పర్మనెంటా, ఠేకా పనా అని. ఒకే గేటు, ఒకే వేడి, ఒకే దుమ్ము. ఒకరికి క్వార్టరు, ఆసుపత్రి, పెన్షను. ఇంకొకరికి గడువు తీరే గేట్ పాస్, ఠేకేదారు మారితే మళ్ళీ మొదలు. పాత రోజుల్లో విదేశీయుడికీ భారతీయుడికీ మధ్య ఉన్న గీత ఇప్పుడు ఒకే ఊరి, ఒకే కులపు, ఒకే ఇంటి అన్నదమ్ముల మధ్య పడింది.

దీని మీద చట్టం మౌనంగా లేదు. ఠేకేదారు కూలి ఎగ్గొడితే ప్రధాన యజమాని చెల్లించాలన్న నియమం 1970 కాంట్రాక్టు కార్మికుల చట్టం నాటి నుంచీ ఉంది. 1982లో ఢిల్లీలో ఆసియా క్రీడల స్టేడియాలు కడుతున్న కూలీల కేసులో సుప్రీంకోర్టు ఇంకా పెద్ద మాట చెప్పింది. కనీస వేతనం కన్నా తక్కువకు పనిచేయించుకుంటే అది రాజ్యాంగం ఇరవై మూడో అధికరణ నిషేధించిన బలవంతపు చాకిరే అంది. ఆకలి కూడా బలవంతమే, కర్ర ఉండక్కర్లేదు అన్నది ఆ తీర్పు సారం. తీర్పు రాసింది జస్టిస్ పి.ఎన్.భగవతి. ఆ అధికరణలో బేగార్ పేరు పెట్టి మరీ ఉంది. అంటే బిర్సా పోట్లాడిన బేగారిని, ఇవాళ ఠేకేదారు కోసేసే కూలిని రాజ్యాంగం ఒకే గాటన కట్టింది. బిర్సానగర్‌లో బిర్సా విగ్రహానికి దండ వేసే ప్రతి నాయకుణ్ణీ ఈ ఒక్క సంగతి అడగవచ్చు.

మార్పు సాధ్యం కాదనుకునేవాళ్ళకు ఈ ఊళ్ళోనే జవాబుంది. 2000ల తొలి సంవత్సరాల్లో టాటా స్టీల్ తేజస్విని అనే కార్యక్రమం పెట్టి, రేజాలుగా, ఊడ్చేవాళ్ళుగా ఉన్న ఆడవాళ్ళను ఎంచి భారీ వాహనాలు, క్రేన్లు నడపడం నేర్పించింది. చీపురు పట్టిన చేయి స్టీరింగ్ పట్టింది. నేర్పితే నేర్చుకుంటారా అన్న అనుమానం అక్కడితో పోవాల్సింది. తట్ట మోసే ఆదివాసీ స్త్రీకి కార్ఖానా పుట్టిన నాడే ఈ శిక్షణ దొరికి ఉంటే ఈ నగరం చరిత్ర వేరేలా ఉండేదన్న బాధ మాత్రం మిగులుతుంది.

ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళ దాకా ఇంకా ఏదీ సరిగ్గా చేరలేదు. వాళ్ళను దాయి అని పిలిచే క్వార్టర్లలో పెన్షనూ, బోనసూ, ఆదివారం సెలవూ తెలిసిన కార్మిక కుటుంబాలే ఉంటాయి. తమ యూనియన్ తమకు సాధించిపెట్టిన వారపు సెలవు తమ వంటింట్లో పనిచేసే మనిషికి ఇవ్వడానికి ఏ చట్టం కోసమూ ఎదురుచూడక్కర్లేదు. ఇంటి పనివాళ్ళ హక్కుల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో 189వ ఒప్పందం తెచ్చింది. భారతదేశం దానికి అనుకూలంగా ఓటు వేసినా ఇంకా ఆమోదించలేదు.

జంషెడ్‌పూర్ తెలుగు సంఘాలకు గుళ్ళున్నాయి, బళ్ళున్నాయి, హాళ్ళున్నాయి, పద్దులు రాయడం తెలిసిన రిటైర్డ్ ఉద్యోగులున్నారు. స్మారకోపన్యాసాలకు నిధులూ పోగవుతుంటాయి. ఆ నిధిలో కొంత రెండు పనులకు పెట్టాలి. మొదటిది, కొలిమిలో, రోలింగ్ మిల్లులో, రైల్వే యార్డులో పనిచేసి రిటైరైన తెలుగువాళ్ళ చేత తమ పని గురించి తమ మాటల్లో చెప్పించి రికార్డు చేయడం. రవ్వల్ని చూసి ఇనుము గుణం చెప్పగలిగిన తరంలో మిగిలింది ఇప్పుడు కొద్దిమందే. రెండోది, వారానికోసారి బస్తీలో ఒక బల్ల వేసుకుని కూర్చోవడం. ఠేకా పనివాడి ప్రావిడెంట్ ఫండు నంబరు 2014 నుంచి మనిషికి ఒక్కటే, ఠేకేదారు మారినా అది మారదు. ఫోనులో చూస్తే ఏ నెల డబ్బు పడిందో, ఏ నెల పడలేదో కనిపిస్తుంది. చూసిపెట్టే మనిషి ఉంటే ఎగవేత ఆ నెలలోనే బయటపడుతుంది. ఫిర్యాదు రాసిపెట్టే మనిషి ఉంటే ప్రధాన యజమాని గుమ్మం దాకా వెళ్తుంది. ఆ బల్ల దగ్గరికి తెలుగువాళ్ళే రావాలన్న నియమం పెట్టకూడదు. పక్క వీధి ముండాలు, సంథాలులు, ఒడియా ముఖీలు, బిహారు నుంచి వచ్చినవాళ్ళు అందరి పాస్‌బుక్కులూ అక్కడే చూడాలి.